కిటికీ అవతల పది శుక్రవారాలు

కాలేషాకి కోపం ముక్కు మీదే ఉంటుందని నరసరావుపేట చుట్టుపక్కల ట్రాక్టరున్న ప్రతి రైతుకీ తెలుసు. షెడ్డుకి బండి తెచ్చినవాడు "ఎప్పటికవుద్ది?" అని రెండోసారి అడిగితే, చేతిలో ఉన్న స్పానర్ కింద పడేసి "నువ్వే చేసుకోపో" అనేవాడు. పని బాగా చేస్తాడు కాబట్టి ఎవరూ మనసులో పెట్టుకునేవారు కాదు. వయసు యాభైకి దగ్గరపడినా ఆ నోరు మెత్తబడలేదు. ఒక్క మనిషి ముందు మాత్రం అది లేచేది కాదు. ఆ మనిషి అతని అక్క మాబున్నీసా.

తల్లి పోయేనాటికి కాలేషాకి నాలుగేళ్లు, మాబున్నీసాకి ఇరవై. అప్పుడే పెళ్లయిన పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని కాపురానికి వెళ్లింది. భర్త జాన్ సాహెబ్ ఒక్క మాట అనలేదు. ఇద్దరూ దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి బతికారు. వాళ్లకి పిల్లలు పుట్టలేదు. కాలేషానే బడికి పంపారు. బడికి పోనంటే మెకానిక్ పనిలో పెట్టారు. ఆస్మాని చూసి పెళ్లి చేశారు. జాన్ సాహెబ్ పోయాక అక్క తమ్ముడి ఇంటికే వచ్చేసింది.

రెండేళ్ల కిందట ఒక ఉదయం నమాజుకి కాళ్లూ చేతులూ కడుక్కుంటూ ఆమె పంపు దగ్గరే ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉంచుకుని చూశారు. అద్దెకుండే మేడ మీద రెండు గదులు. ఆస్మా పొద్దున్నే బడిలో పిల్లలకి వంట చేయడానికి వెళ్లాలి, కూతురు అఫ్రీన్ కాలేజీకి వెళ్లాలి, కాలేషా షెడ్డు తెరవాలి. ఎంత చూసినా అక్క వీపు మీద పుండు పడింది. దానికి కట్టు కట్టిన డాక్టరు కాలేషా మొహంలోకి చూసి, "ఈమెని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలయ్యా. మీ ఇంట్లో తిప్పేవాళ్లు లేరు. తిప్పేవాళ్లున్న చోట ఉంచు" అన్నాడు.

అలా కోటప్పకొండ రోడ్డులో ఉన్న ఆశ్రమంలో చేర్చారు. లేవలేని పెద్దవాళ్లు ఇరవై రెండు మంది ఉంటారక్కడ. బంధువులు నోళ్లు నొక్కుకున్నారు. పెంచిన అక్కని ఆశ్రమంలో పడేశాడన్నారు. ఆ మాట ఆస్మా చెవిన పడింది. "అయితే మీరొచ్చి రెండు గంటలకోసారి తిప్పండి. ఆమెని రేపే తెచ్చుకుంటాం" అంది. ఎవరూ రాలేదు. ఆశ్రమంలో మూడు నెలలకి వీపు మీద పుండు మానింది.

ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే కాలేషా టీవీఎస్ బండి మీద అక్క దగ్గరికి వెళ్లేవాడు. మంచం పక్కన ఒక గంట కూర్చునేవాడు. ఆమె గోళ్లు తీసేవాడు. ఎవరి ట్రాక్టరుకి ఏం వచ్చిందో, ఎవర్ని ఏమని తిట్టాడో చెప్పేవాడు. ఆమె ఎడమ పెదవి కొసతో నవ్వేది.

ఆ వర్షాకాలం అతనికి దగ్గు పట్టుకుంది. డీజిల్ పొగకి వచ్చిన దగ్గేలే అనుకున్నాడు. ఆశ్రమంలో గేటు దగ్గరే ఒక బోర్డుంది. దగ్గూ జలుబూ జ్వరం ఉన్నవాళ్లు లోపలికి రాకూడదని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. కాలేషా ఆ బోర్డుని చూడనట్టే చూసి, బుగ్గన ఒక లవంగం పెట్టుకుని, గొంతులోకి వచ్చిన దగ్గుని మింగేసి లోపలికి వెళ్లేవాడు. అలా మూడు శుక్రవారాలు గడిచాయి.

నాలుగో శుక్రవారం ఆ లవంగం పనిచేయలేదు. గేటు లోపల పంపు దగ్గర చేతులు కడుక్కుంటుండగా దగ్గు తెర వచ్చింది. వంగిపోయి, గోడ పట్టుకుని దగ్గాడు. తలెత్తేసరికి ఎదురుగా నిర్మల నిలబడి ఉంది. ఆమెది ముప్పాళ్ళ. నర్సు చదువు చదివి, ఆశ్రమం పెట్టిన నాటి నుంచీ లోపలి పనంతా చూసుకుంటోంది. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు.

"అన్నా, ఆగు. ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"డీజిల్ పొగమ్మా. మెకానిక్ అన్నాక దగ్గకుండా ఎట్టా ఉంటాడు?"

"ఎన్నాళ్ల నుంచి అనడిగా."

"నెల కావస్తంది. అయితే ఏంది?"

"రాత్రిళ్లు జొరం వస్తందా? చెమటలు పడతన్నయ్యా?"

కాలేషా పంపు వైపు తిరిగి మళ్లీ చేతులు కడుక్కున్నాడు. నిర్మల చూపు అతని నడుము మీదికి పోయింది. బెల్టుకి మేకుతో కొత్తగా పొడిచిన బెజ్జం ఉంది. బెల్టు కొస జానెడు వేలాడుతోంది.

"చిక్కిపోయావు గూడా. ఇయ్యాళ లోపలికి వద్దన్నా."

కాలేషాకి ఒళ్లు మండింది. "మా అక్కని చూసుకోడానికి నీ పర్మిషనేంది? వారం వారం రావటంలా? ఒక్క శుక్రవారం తప్పానా? ఏంది, సాయిబులమని మేం అంత అలుసైపోయామా నీకు?"

ఆ చివరి మాట నోరు దాటాక గాని అదెంత పెద్ద మాటో అతనికి తెలియలేదు. నిర్మల మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. వరండా బయట సిమెంటు బల్ల వైపు చెయ్యి చూపించింది.

అక్కడ తెల్ల చొక్కా, తెల్ల పంచెతో ఒక పెద్దమనిషి ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. శావల్యాపురం మండలంలో ముప్పై ఎకరాల రైతు వెంకట్రామయ్య. అతని తల్లి రామాయమ్మ మంచం మాబున్నీసా మంచానికి పక్కదే.

"ఏందయ్యా కాలేషా, నీది నెల దగ్గు. నాది నిన్న పట్టిన జలుబు" అన్నాడు వెంకట్రామయ్య. "నన్నూ పోనీలా. రెండుసార్లు సర్పంచిగా చేసినోణ్ణని గూడా చెప్పా. అయితే ముక్కు తుడుచుకోమని కాయితం ఇచ్చింది."

కాలేషాకి నవ్వు రాబోయి మళ్లీ దగ్గు వచ్చింది. ఈసారి ఎంతకీ ఆగలేదు. నిర్మల రెండడుగులు వెనక్కి జరిగి, అతను తేరుకున్నాక ఒక మాస్కు బల్ల మీద పెట్టింది.

"మనకి దగ్గొస్తే నాలుగు రోజులు దగ్గి లేస్తాం. లోపలున్నోళ్లు దగ్గటానికి గూడా బలం లేనోళ్లన్నా. అందులో మీ అక్క గూడా ఉంది. చూడొద్దని నేనన్లా. అది పెట్టుకుని ఆ పక్క కిటికీ దగ్గిరికి పో. ఆమెని చక్రాల కుర్చీలో తీసుకొస్తా."

కిటికీకి అద్దం మూసి ఉంది. కాలేషా బయట మట్టిలో నిలబడ్డాడు. కాసేపటికి లోపల నిర్మల అక్క కుర్చీని అద్దం దగ్గరికి తోసింది. ఫోను స్పీకర్‌లో పెట్టి ఒళ్లో ఉంచింది. అక్క తమ్ముణ్ణి చూసి, తలుపు వైపు చూసి, మళ్లీ తమ్ముణ్ణి చూసింది. లోపలికి ఎందుకు రాలేదని ఆ చూపు.

"దగ్గొచ్చిందక్కా. నీకు అంటుకుంటదని రానియ్యలా" అన్నాడు ఫోన్లో.

ఆమె అతని మెడ దగ్గర ఎముకల్ని చూస్తూ ఉండిపోయింది. ఎడమ చెయ్యి ఎత్తి, వేలు ఊపింది. చిన్నప్పుడు ముద్ద వదిలేసి పారిపోతుంటే అలాగే ఊపేది.

వెళ్లేటప్పుడు నిర్మల ఒక చీటీ రాసి గేటు ఊచల్లోంచి అందించింది. "ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష చేస్తారు. రేపే పో."

కాలేషా ఆ చీటీని జేబులో కుక్కుకుని, అక్కని ఈ వారంలోనే వేరే చోటికి మార్చేస్తానని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాడు. చొక్కా ఉతకబోతూ ఆస్మా ఆ చీటీ చూసింది. విషయం విని, "ఆ అమ్మాయికి కనపడింది నెల నుంచీ పక్కనున్న నాకు కనపళ్లేదేందయ్యా" అని తల పట్టుకుంది. మర్నాడు బడికి సెలవు పెట్టి, అతని వెంటపడి ఆసుపత్రికి తీసుకువెళ్లింది.

రెండు డబ్బాల్లో కఫం ఇచ్చి వచ్చారు. సోమవారం ఫోను వచ్చింది. టీబీ.

డాక్టరు కుర్రవాడు. ఓపిగ్గా చెప్పాడు. ఆరు నెలలు రోజూ మాత్రలు వేసుకోవాలి, ఒక్క రోజు మానకూడదు, మందులు ఆసుపత్రిలోనే ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. ఇంట్లో వాళ్లకీ పరీక్షలు చేశారు. ఆస్మాకీ అఫ్రీన్‌కీ ఏమీ లేదని తేలాక కాలేషా ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, దేవుడికి చేతులెత్తాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. మూడు శుక్రవారాలు అక్క మంచం పక్కన కూర్చున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఒక దారి సులువుగానే కనిపించింది. సీజను, పని ఎక్కువగా ఉంది, రెండు నెలలు రాలేనని చెబితే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. టీబీ అని తెలిస్తే ఆశ్రమంలో వాళ్లేమంటారో? పక్క మంచం వెంకట్రామయ్య తల్లిది. అతను ఊరుకుంటాడా? అక్కని తీసుకుపొమ్మంటే ఎక్కడికి తీసుకుపోవాలి?

మాగాణిలో దిగబడిన ట్రాక్టరులా మనసు ఎటూ కదల్లేదు. సాయంత్రం ఆస్మా టీ గ్లాసు ఇచ్చి, "అక్కయితే ఏం చేసేదంటావు?" అంది. అంతే అంది. కాలేషా ఫోను తీసుకుని గోడవైపు తిరిగి నిర్మల నంబరు నొక్కాడు.

"నిర్మలమ్మా, నాకు టీబీ అంట."

"పరీక్ష చేయించుకున్నావు గదా, మంచి పని చేశావు. మందులు మొదలుపెట్టారా?"

"పెట్టారు. అది గాదమ్మా." గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "నువ్వు ఆపిన రోజు కంటే ముందు మూడు శుక్రవారాలు దగ్గుతానే వచ్చా. నీకు తెలవకుండా లవంగం బుగ్గన పెట్టుకుని వచ్చా. అక్క పక్కన గంట గంట కూర్చున్నా. నన్ను తిట్టు, ఏమన్నా అను. అక్కని మాత్రం పొమ్మనమాక."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"అన్నా, ఇట్టాంటిది దాచిపెట్టేవోళ్లే గాని చెప్పేవోళ్లని నేను చానా తక్కువ చూశా" అంది నిర్మల. "ఆ గదిలో నాలుగు మంచాలున్నయ్. రేపే డాక్టరుగారికి చెప్పి నలుగురికీ ఎక్స్‌రేలు తీయిస్తా. ఇంకెవరి దగ్గరైనా కూర్చున్నావా? బాగా గుర్తు తెచ్చుకో. అక్కని ఎవరూ ఎక్కడికీ పొమ్మనరు. నువ్వు మాత్రలు మానమాక. అది చాలు నాకు."

ఆ తర్వాత నాలుగు రోజులు కాలేషాకి అన్నం సయించలేదు. మాత్రలకి ఒంట్లో వేడి, మనసులో దిగులు. ఐదో రోజు ఇంటి ముందు కారు ఆగింది. వెంకట్రామయ్య దిగాడు. కాలేషా మాస్కు సర్దుకుని, తిట్లు పడటానికి సిద్ధపడి, మేడ దిగి ఎండలో నిలబడ్డాడు.

"మా అమ్మకి ఎక్స్‌రే తీశారు" అన్నాడు వెంకట్రామయ్య దూరంగానే నిలబడి. "మీ అక్కకీ తీశారు. నలుగురికీ ఏం లేదంట. ముందు జాగ్రత్తకి ఏవో మాత్రలు ఇస్తారంట."

కాలేషా కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "తప్పయిపోయింది బాబాయ్."

"తప్పు కాక ఒప్పా? గూబ మీద ఒకటిద్దామనే బయల్దేరా. దారిలో ఆలోచిస్తే, వీడు నోరు మూసుకుని కూర్చునుంటే మా అమ్మకి ఎక్స్‌రే తీసేవోళ్లెవరు అనిపించింది." చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "నేను నిరుడు ఆసుపత్రి నుంచి ఫ్లూతో వచ్చి ఎవరికీ చెప్పకుండా లోపలికి పోయా. అప్పుడు అమ్మ పది రోజులు దగ్గింది. ఆ సంగతి ఇయ్యాళ్టి దాకా ఎవరికీ చెప్పలా. నీకే చెప్తన్నా."

ఆ మాట అని, కారెక్కి వెళ్లిపోయాడు.

రెండు వారాలు మందులు పడ్డాక డాక్టరు పనిలోకి వెళ్లవచ్చన్నాడు. ఆశ్రమంలోకి మాత్రం రెండు నెలల పరీక్షలో క్రిములు లేవని తేలాకే రావాలని నిర్మల చెప్పింది. ఈసారి కాలేషా ఎదురు చెప్పలేదు. శుక్రవారం శుక్రవారం కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆ వారం తాను మింగిన మాత్రల ఖాళీ రేకుల్ని అద్దం ముందు పట్టుకునేవాడు. చిన్నప్పుడు పలక మీద ఎక్కాలు రాయించి చూసినట్టు అక్క వాటిని ఒక్కో గుంతా చూసేది. చివరికి తల ఊపేది. ఒక వారం రేకులో ఒక మాత్ర మిగిలి ఉంది. ఆ రోజు మాత్ర ఇంటికెళ్లి వేసుకుంటానని ఎంత చెప్పినా ఆమె తల ఊపలేదు. కాలేషా అక్కడే, ఆమె కళ్లముందే, మాస్కు దించి, దూరంగా జరిగి, సీసాలో నీళ్లతో మింగాల్సి వచ్చింది. లోపల రామాయమ్మ బోసినోటితో పగలబడి నవ్వడం ఫోనులో వినబడింది.

వానలు గట్టిపడ్డాయి. కిటికీ కింద మట్టి బురదైంది. ఒక శుక్రవారం గొడుగు కింద తడుస్తూ నిలబడ్డాక కాలేషాకి ఒక ఆలోచన వచ్చింది. వెంకట్రామయ్య ఇంటి వెనక గొడ్లపాక తీసేసిన రేకులున్నాయి. కాలేషా షెడ్డులో ఇనుప గొట్టాలున్నాయి. ఒక ఆదివారం ఇద్దరూ కలిసి ఆ కిటికీ బయట రేకుల పంచ వేశారు. కాలేషా వెల్డింగ్ చేస్తుంటే వెంకట్రామయ్య పంచె ఎగ్గట్టి రేకులు పట్టుకున్నాడు. కింద నాపరాళ్లు పరిచి, కిటికీకి రెండు గజాల దూరంలో ఒక బల్ల బిగించారు. జలుబు చేసినవాళ్లు, ఒంట్లో బాగోనివాళ్లు, చంటిపిల్లల్ని తెచ్చినవాళ్లు ఇక అక్కడ కూర్చుని తమవాళ్లని చూసుకోవచ్చు. నిర్మల బయటకొచ్చి, బల్ల మీద కూర్చుని చూసి, లోపలి కుర్చీ బాగా కనిపించేలా దాన్ని ఒక అడుగు ఎడమకి జరపమంది. బిగించిన బోల్టులన్నీ విప్పి మళ్లీ బిగించాడు కాలేషా. ఒక్క మాట విసుక్కోలేదు. ఆ సంగతి వెంకట్రామయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

పదకొండో శుక్రవారం కాలేషా పరీక్ష కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. క్రిములు లేవు. నిర్మల దాన్ని రెండుసార్లు చదివి, డాక్టరుగారికి ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు గేటు తీసింది. అతను చెప్పులు విడిచి, పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కున్నాడు. కొత్త మాస్కు పెట్టుకున్నాడు. పది శుక్రవారాలు బయటి నుంచి చూసిన గది లోపలి నుంచి చూస్తే చిన్నదిగా అనిపించింది.

"రా నాయనా రా" అంది రామాయమ్మ. "పొద్దున తొమ్మిది గంటల నుంచీ తల దువ్వమని ఇక్కడ పనిచేసే పిల్లల ప్రాణం తీస్తంది మీ అక్క. శుక్రవారం అయితే చాలు, ఈమెకి పండగే."

మాబున్నీసా దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వి ఉంది. కాలేషా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు. ఆమె ఎడమ చేత్తో దగ్గరికి రమ్మంది. వంగాడు. ఆమె అతని చెవి దొరకబుచ్చుకుని గట్టిగా మెలిపెట్టింది. ఎందుకని అతను అడగలేదు. నాలుగేళ్ల వయసు నుంచీ తెలిసిన నొప్పి అది. ఆమె వదిలే దాకా అలాగే వంగి ఉన్నాడు. చెవి వదిలాక ఆ చెయ్యి అతని చెంప మీదికి, మెడ మీదికి, భుజం మీదికి వచ్చి, ఎముకల మీద కాస్త కండ పట్టిందో లేదో తడిమి చూసుకుంది.

"బా...గు" అంది. ఆ ఒక్క మాట కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

"బాగేనక్కా. నువ్వు?"

ఆమె ఎడమ పెదవి కొసతో నవ్వింది. అతను జేబులోంచి గోళ్లు తీసే కత్తెర తీశాడు. ఆ గంటా ఎలా గడిచిందో తెలియలేదు.

నిర్మలకి చెప్పాలని ఆ పది వారాలూ కాలేషా ఒక మాట తయారుచేసుకున్నాడు. ఆ రోజు గేటు దగ్గర నువ్వు ఆపకపోతే నేనేమయ్యేవాణ్ణో, నా చేతులతో అక్కకి ఏం చేసేవాణ్ణో అని మొదలయ్యే పెద్ద మాట. ఆస్మా ముందు రెండుసార్లు అని చూసుకున్నాడు కూడా. సాయిబులమని అలుసా అన్న ఆ మాటకి క్షమించమని కూడా అందులో ఉంది. ఇంటికి బయల్దేరుతూ ఆమె కోసం చూశాడు. చివరి గదిలో ఒక్కతే ఖాళీ మంచాన్ని కిటికీ వైపు లాగుతూ కనిపించింది. కొత్తగా ఎవరో పెద్దాయన వస్తున్నాడట.

గుమ్మంలో నిలబడి కాలేషా గొంతు సవరించుకున్నాడు. "నిర్మలమ్మా, ఆ రోజు నేను నోరు జారి..."

"ఆ సంగతి నేను ఆ రోజే మర్చిపోయా" అంది ఆమె తలెత్తకుండా. చెమట పట్టిన మొహం మీద జుట్టు అతుక్కుపోయి ఉంది.

"అది గాదమ్మా. నువ్వు గనక లేకపోతే నేనూ..." అక్కడికి వచ్చేసరికి తయారుచేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ట్రాక్టరు రైతులందర్నీ గడగడలాడించే నోరు ఒక్క ముక్క పలకలేకపోయింది.

నిర్మల తలెత్తి అతని మొహం చూసింది. ఆమె కళ్లు కూడా ఒక్క క్షణం తడిశాయి. తర్వాత మంచం వైపు గడ్డంతో సైగ చేసింది.

"ఆ కొస పట్టుకో అన్నా. దీన్ని లాగలేక చస్తన్నా."

కాలేషా చొక్కా చేతులు పైకి మడిచి, ఆ కొస పట్టుకుని, మంచాన్ని పైకెత్తాడు.